విదేశాల్లో పీహెచ్‌డీకి ప్రభుత్వ స్కాలర్‌షిప్: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, సూటి జవాబులు

ఏటా సంక్రాంతి దాటగానే జూనియర్ల నుంచి అవే సందేహాలు వస్తుంటాయి. విడివిడిగా జవాబులు చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే ఎవరికి కావాల్సింది వాళ్లు చూసుకుంటారని ఇది. ఎక్కువగా కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించే రాశాను, దాన్నే ఇక్కడ ఎన్‌ఓఎస్ అంటున్నాను. మన రెండు రాష్ట్రాల పథకాల గురించీ అవసరమైనచోట చెప్పాను. నిబంధనలు ఏటా కొంచెం కొంచెం మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే ఏడాది మార్గదర్శకాల పీడీఎఫ్‌ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి. అందులో ఉన్నదే లెక్క.

## అసలు మొదలుపెట్టక ముందు

పీహెచ్‌డీకి ప్రభుత్వం నిజంగా మొత్తం ఖర్చు ఇస్తుందా? ఎవరికి ఇస్తుంది?

ఇస్తుంది. ఎన్‌ఓఎస్ 1954-55 నుంచీ ఉంది, అయినా మన పల్లెల్లో, డిగ్రీ కాలేజీల్లో దీని పేరు కూడా తెలియనివాళ్లే ఎక్కువ. సామాజిక న్యాయ శాఖ నడిపే ఎన్‌ఓఎస్‌లో ఏటా 125 అవార్డులు: ఎస్సీలకు 115, సంచార, విముక్త జాతులకు 6, భూమిలేని వ్యవసాయ కూలీలకూ సంప్రదాయ చేతివృత్తులవాళ్లకూ కలిపి 4. ఎస్టీలకు గిరిజన వ్యవహారాల శాఖ వేరే పథకం నడుపుతుంది, అందులో ఏటా 20 అవార్డులు, వాటిలో 3 ఆదిమ గిరిజన తెగలకి. రెండింట్లోనూ 30 శాతం అమ్మాయిలకు. ఎస్సీ పథకంలో ట్యూషన్ ఫీజు, బతకడానికి ఏడాది భత్యం, పుస్తకాలకూ ఇతర ఖర్చులకూ కొంత, వీసా ఫీజు, మెడికల్ ఇన్సూరెన్స్, విమానం టికెట్ అన్నీ వస్తాయి. ఇది అప్పు కాదు. షరతులన్నీ పాటించినంత కాలం తిరిగి కట్టక్కర్లేదు.

నేను బీసీని. మా ఫ్రెండ్ ఓసీ. మాకు ఏమీ లేనట్టేనా?

పైన చెప్పిన సంచార, విముక్త జాతులు, భూమిలేని కూలీలు, చేతివృత్తులవాళ్ల కోటాల్లోకి రాకపోతే ఎన్‌ఓఎస్ మీకు వర్తించదు, కానీ దారులు మూసుకుపోలేదు. తెలంగాణలో బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి ఉంది, మైనారిటీలకు వేరే పథకం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జగనన్న విదేశీ విద్యా దీవెనగా వచ్చిన పథకం పేరును 2024 జూన్‌లో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధిగా మార్చారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరూ షరతులూ మారుతున్నాయి కాబట్టి పాత యూట్యూబ్ వీడియో చూసి నిర్ణయం తీసుకోకండి, ఈ ఏడాది జీవో ఏముందో చూడండి.

కులంతో సంబంధం లేకుండా అందరూ పెట్టుకోగలిగేవి వేరే దేశాల ప్రభుత్వాలు ఇచ్చేవి. జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్‌కి ఢిల్లీలోని వాళ్ల రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయొచ్చు, ఫీజు ఉండదు, పీహెచ్‌డీ వాళ్లకి నెలకి 1,45,000 యెన్‌లు. ఆస్ట్రేలియాలో ఆర్‌టీపీ (రీసెర్చ్ ట్రైనింగ్ ప్రోగ్రామ్) అనేది అక్కడి ప్రభుత్వ డబ్బే, యూనివర్సిటీల ద్వారా ఇస్తారు. జర్మనీలో చాలా పీహెచ్‌డీలు జీతమిచ్చే ఉద్యోగాలే, వాటికి నోటిఫికేషన్ చూసి ఉద్యోగానికి పెట్టుకున్నట్టే పెట్టుకోవాలి.

ఫుల్‌బ్రైట్ వస్తే అమెరికాలో పీహెచ్‌డీ అయిపోయినట్టేనా?

కాదు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఇప్పటికే భారతదేశంలో పీహెచ్‌డీకి రిజిస్టర్ అయినవాళ్లకి. ఆరు నుంచి తొమ్మిది నెలలు అక్కడ పరిశోధన చేసుకుని వచ్చి, డిగ్రీ ఇక్కడి యూనివర్సిటీ నుంచే తీసుకుంటారు. ఉస్మానియాలోనో ఆంధ్రాలోనో ఇప్పటికే చేస్తున్నవాళ్లకి అది బంగారం లాంటి అవకాశం, కానీ విదేశీ డిగ్రీ కావాలనుకునేవాళ్లకి పనికిరాదు.

అమెరికాలో ఫుల్ ఫండింగ్‌తో సీటొచ్చింది. ఎన్‌ఓఎస్‌కి కూడా పెట్టాలా?

నా అభిప్రాయంలో అక్కర్లేదు. ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్, ఇన్సూరెన్స్ యూనివర్సిటీయే ఇస్తుంటే అదే తీసుకోండి. ఎన్‌ఓఎస్ భత్యం అమెరికాకి ఏడాదికి 15,400 డాలర్లు, మంచి యూనివర్సిటీలు ఇచ్చే స్టైపెండ్ దీనికి రెట్టింపు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. పైగా ఎన్‌ఓఎస్ మీద ఉంటూ టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌గా సంపాదించుకోవడానికి పరిమితి ఏడాదికి 2,400 డాలర్లు మాత్రమే. ఎన్‌ఓఎస్ నిజంగా ప్రాణం పోసేది ఎక్కడంటే, ప్రొఫెసర్ "నువ్వు కావాలి, కానీ నా దగ్గర డబ్బు లేదు" అన్నచోట. బ్రిటన్‌లో ఇది మరీ ఎక్కువ, విదేశీ విద్యార్థులకి అక్కడ ఫండింగ్ సీట్లు చాలా తక్కువ. మీకు ఫండింగ్ ఉండి కూడా ఎన్‌ఓఎస్ సీటు పట్టుకుంటే ఇంకొకరి దారి మూసినట్టవుతుంది, అది కూడా కాస్త ఆలోచించండి.

మేం మాల/మాదిగ కులమే, కానీ సర్టిఫికెట్‌లో బీసీ-సి అని ఉంది. ఎస్సీ కోటాలో పెట్టొచ్చా?

కుదరదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలని మన రాష్ట్రాల్లో బీసీ-సిలో పెట్టారు. ఇది న్యాయమా అన్నది వేరే చర్చ, దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. దరఖాస్తు వరకు మాత్రం మీ చేతిలో ఉన్న సర్టిఫికెట్టే లెక్క. మీరు చూడాల్సింది రాష్ట్ర బీసీ పథకం.

నా టాపిక్ తెలంగాణలో కుల సంబంధాల మీద. ఎన్‌ఓఎస్ ఇస్తారా?

ఇది చెప్పడానికి బాధగా ఉంటుంది. 2022లో వచ్చిన మార్పుతో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాల టాపిక్‌లను ఎస్సీ ఎన్‌ఓఎస్ నుంచి తీసేశారు. మన సమాజం గురించి మనమే ప్రపంచ స్థాయిలో రాయాల్సిన చోట తలుపు మూశారని నేను నమ్ముతాను. టాపిక్‌ని దాచిపెట్టి ఇంకోలా రాసి ఇవ్వమని మాత్రం నేను చెప్పను, ఎందుకంటే తర్వాత సూపర్‌వైజర్ రిపోర్టుల్లో అది బయటపడుతుంది. మీ పరిశోధన నిజంగానే అనేక దేశాలను పోల్చేదైతే ఆఫర్ లెటర్‌లో, ప్రపోజల్‌లో అది స్పష్టంగా ఉండేలా చూసుకోండి. కాకపోతే ఆ యూనివర్సిటీ సొంత స్కాలర్‌షిప్‌ల వైపు వెళ్లడమే మేలు.

వయసు దాటిపోయిందేమో అని భయం. ఎప్పటికి లెక్కేస్తారు?

ఎస్సీ పథకంలో ఎంపిక జరిగే ఏడాది ఏప్రిల్ 1 నాటికి 35 ఏళ్లు నిండకూడదు. ఎస్టీ పథకంలో జులై 1 నాటికి చూస్తారు. పుట్టినతేదీకి పదో తరగతి మెమోనే ఆధారం, బడిలో వేసిన తేదీ అసలు తేదీ కాకపోయినా అదే చెల్లుతుంది.

## సీటు, ఆఫర్ లెటర్

ముందు స్కాలర్‌షిప్పా, ముందు అడ్మిషనా?

ముందు అడ్మిషన్. ఎస్సీ ఎన్‌ఓఎస్‌కి షరతుల్లేని ఆఫర్ లెటర్ చేతిలో ఉండాలి, లేకపోతే ఫారమే ముందుకు సాగదు. ఇక్కడే చాలామంది ఏడాది పోగొట్టుకుంటారు. పోర్టల్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో తెరుస్తారు, నోటిఫికేషన్ చూసి అప్పుడు యూనివర్సిటీలకి అప్లై చేద్దామంటే రైలు వెళ్లిపోయినట్టే. వెనక్కి లెక్కేసుకోండి: ఫిబ్రవరికి ఆఫర్ ఉండాలంటే అక్టోబర్, నవంబర్‌కల్లా అప్లికేషన్ వెళ్లిపోవాలి, దానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష ఆగస్టులో రాయాలి, ప్రొఫెసర్లతో మాటలు జూన్, జులైలోనే మొదలవ్వాలి. అంటే ఎమ్మెస్సీ లేదా ఎంటెక్ రెండో ఏడాది మొదలవ్వక ముందే. సీట్లు మిగిలితే రెండో విడత కూడా తెరిచిన సంవత్సరాలున్నాయి, దాన్ని నమ్ముకుని మాత్రం ప్లాన్ వేసుకోకండి.

ఆఫర్ వచ్చింది కానీ "కండిషనల్" అని ఉంది. ఏం చేయాలి?

ముందు ఆ షరతు ఏమిటో చదవండి. చాలావరకు మూడే ఉంటాయి: ఇంగ్లిష్ స్కోరు, ఫైనల్ మార్కుల మెమో లేదా డిగ్రీ సర్టిఫికెట్, డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూపించడం. మొదటి రెండూ మీ చేతిలో ఉన్నవి, వెంటనే పంపించి కొత్త లెటర్ అడగండి. ఒరిజినల్ డిగ్రీ ఆలస్యమైతే ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మెమో ఒప్పుకుంటారా అని అడ్మిషన్స్ ఆఫీసుకే రాయండి. మూడోది చిక్కుముడి, స్కాలర్‌షిప్ కోసం లెటర్ కావాలి, లెటర్ కోసం స్కాలర్‌షిప్ కావాలి అన్నట్టుంటుంది. అలాంటప్పుడు "ఇది భారత ప్రభుత్వ స్కాలర్‌షిప్, షరతుల్లేని లెటర్ ఉంటేనే దరఖాస్తు తీసుకుంటారు" అని నాలుగు లైన్లలో వివరించి, మార్గదర్శకాల్లో ఆ పేరా జతచేసి పంపండి. మర్యాదగా అడిగితే చాలా యూనివర్సిటీలు అర్థం చేసుకుంటాయి.

ప్రొఫెసర్లకి మెయిల్స్ పెట్టాను, ఒక్కరూ జవాబివ్వలేదు.

"రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ యూనివర్సిటీ" అని మొదలయ్యే మెయిల్ అయితే చదవరు. వాళ్లది ఒక పేపర్ నిజంగా చదవండి, అందులో మీకు తేలని ప్రశ్న ఒకటి రాయండి, మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టులో మీ చేతులతో ఏం చేశారో రెండు వాక్యాలు, ఆ తర్వాత ఎన్‌ఓఎస్‌కి అర్హత ఉందని, అది వస్తే నాలుగేళ్లపాటు ఫీజు, ఖర్చులు భారత ప్రభుత్వమే ఇస్తుందని ఒక వాక్యం. ఈ చివరి వాక్యం చాలామంది సిగ్గుపడి రాయరు. రాయండి. డబ్బు తెచ్చుకోగల విద్యార్థి అంటే ప్రొఫెసర్ మెయిల్‌ని ఇంకోసారి చూస్తారు.

నా యూనివర్సిటీ క్యూఎస్ ప్రపంచ ర్యాంకుల జాబితాలో టాప్ 500లో లేదు, కానీ ఆ డిపార్ట్‌మెంట్ ప్రపంచంలోనే పేరున్నది.

ఎస్సీ ఎన్‌ఓఎస్‌లో చూసేది యూనివర్సిటీ మొత్తం ర్యాంకు, టాప్ 500లో ఉండాలి. మెరిట్ లిస్టు కూడా ఆ ర్యాంకు మీదే ఆధారపడుతుంది, మీ మార్కుల మీద కాదు. అందుకని రెండు ఆఫర్లుంటే మంచి ర్యాంకున్నదానితో దరఖాస్తు చేయండి. ఎంపికయ్యాక యూనివర్సిటీ గానీ కోర్సు గానీ మార్చుకోనివ్వరు.

## కాగితాలు

నా సీజీపీఏ 6.6. అరవై శాతం ఉన్నట్టా లేనట్టా?

మీ యూనివర్సిటీ సూత్రాన్ని బట్టి ఉంటుంది. పీహెచ్‌డీకి మాస్టర్స్‌లో 60 శాతం కావాలి. మనవైపు యూనివర్సిటీల్లో కొన్ని సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణిస్తాయి, కొన్ని 0.75 తీసేస్తాయి. మొదటి లెక్కలో మీకు 61 శాతం, రెండో లెక్కలో 58.5. ఒకటి లోపల, ఒకటి బయట! ఉత్తినే పదితో గుణించి 66 అని ఫారంలో వేసేస్తే వెరిఫికేషన్‌లో దొరికిపోతారు. పరీక్షల విభాగం నుంచి కన్వర్షన్ సర్టిఫికెట్ సంతకం, సీలుతో తెచ్చుకోండి, అది మెమో వెనకాల ముద్రించి ఉంటే ఆ వెనక పేజీ కూడా స్కాన్ చేయండి.

పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో మొత్తం ఇంటిపేరు. గొడవవుతుందా?

మన తెలుగువాళ్లందరికీ ఉన్న తలనొప్పి ఇదే. మెమోలో "బి. సునీత", కులధ్రువీకరణలో "బొల్లం సునీత", పాస్‌పోర్టులో సునీత ముందు, బొల్లం వెనక, ఆధార్‌లో ఇంకోలా. ఢిల్లీలో ఫైలు చూసేవాళ్లకి ఇది ఒకే మనిషి అని ఎలా తెలుస్తుంది? ఆఫర్ లెటర్ పాస్‌పోర్టు ప్రకారం వస్తుంది కాబట్టి దాన్నే ఆధారంగా పెట్టుకోండి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు మళ్లీ తీయించుకునే అవకాశం ఉంటే మీసేవలోనో సచివాలయంలోనో పాస్‌పోర్టు స్పెల్లింగ్‌తోనే తీయించండి. మెమో మార్చలేరు కాబట్టి దానికి "ఈ రెండు పేర్లూ నావే" అని నోటరీ అఫిడవిట్ చేయించుకోండి. తండ్రి పేరు స్పెల్లింగ్ కూడా చూసుకోండి, అందరూ దాన్నే మర్చిపోతారు.

నాన్న వ్యవసాయం, అమ్మ అంగన్‌వాడీ టీచర్. ఆదాయం ఎలా చూపించాలి?

కుటుంబం మొత్తం ఆదాయం అన్ని దారులనుంచీ కలిపి ఎస్సీ పథకంలో ఏడాదికి 8 లక్షలు, ఎస్టీ పథకంలో 6 లక్షలు దాటకూడదు. తల్లిదండ్రులది, మీకు ఉద్యోగముంటే మీది, పెళ్లయితే జీవిత భాగస్వామిది కలపాలి. తహసీల్దార్ ఇచ్చే ఆదాయ సర్టిఫికెట్‌తో పాటు ఐటీ రిటర్నులు కూడా అడుగుతారు. సర్టిఫికెట్‌లో 90 వేలు అని ఉండి, బ్యాంకు లోన్ కోసం ఎప్పుడో వేసిన రిటర్నులో 5 లక్షలు ఉంటే సమస్య పరిమితి దాటడం కాదు, రెండు కాగితాలు రెండు మాటలు చెప్పడం. రెండూ ఒకేమాట చెప్పేలా, నిజంగా ఉన్నదే రాయించండి. సర్టిఫికెట్ సరైన ఆర్థిక సంవత్సరానిదో కాదో కూడా చూసుకోండి.

జూనియర్ లెక్చరర్‌గా చేస్తున్నా. ఎన్‌ఓసీ కావాలా?

కావాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు యాజమాన్యం నుంచి నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ పెట్టాలి. ప్రభుత్వ ఉద్యోగమైతే ఫైలు టేబుల్ టేబుల్ తిరగాలి కాబట్టి నోటిఫికేషన్ కోసం ఆగకుండా ముందే పెట్టేయండి.

## ఫారం నింపేటప్పుడు

ఆఖరి రోజు దాకా ఆగి, అన్నీ రెడీ అయ్యాకే నింపితే తప్పేముంది?

సర్వర్ స్లో అవుతుంది, ఓటీపీ రాదు, ఫైలు సైజు ఎక్కువైందని తిప్పికొడుతుంది. ఎస్సీ ఎన్‌ఓఎస్‌కి ఎన్‌ఓఎస్‌ఎంఎస్‌జేఈ డాట్ గవ్ డాట్ ఇన్, ఎస్టీలకి ఓవర్సీస్ డాట్ ట్రైబల్ డాట్ గవ్ డాట్ ఇన్. తెరిచిన వారంలోనే రిజిస్టర్ అయ్యి ఫారంలో ఏమేం అడుగుతున్నారో మొత్తం చూసి పెట్టుకోండి. స్కాన్‌లు ఫోన్‌తో వంకరగా తీసినవి వద్దు, జిరాక్స్ షాపులో ఫ్లాట్‌గా తీయించండి.

ఒక కన్సల్టెన్సీ వాళ్లు యాభై వేలిస్తే ఎన్‌ఓఎస్ గ్యారంటీ అంటున్నారు.

ఇవ్వకండి. లిస్టు యూనివర్సిటీ ర్యాంకుతో తయారవుతుంది, మధ్యవాళ్లకి అందులో చేయగలిగేదేమీ లేదు. అది మీ అమ్మానాన్నల కష్టార్జితం.

## ఎంపికయ్యాక

లిస్టులో పేరుంది, అవార్డు లెటర్ మాత్రం రాలేదు. టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ సహజమే. 2025లో ఎస్సీ ఎన్‌ఓఎస్‌కి 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ప్రొవిజనల్ లెటర్లు ఇచ్చారు, మిగతావాళ్లకి నిధులు అందుబాటులో ఉంటేనే అన్నారు. సీటు చేతిలో ఉండి, క్లాసులు మొదలయ్యే తేదీ దగ్గరపడుతుంటే ఆ పిల్లలు పడ్డ వేదన మామూలుది కాదు. కాబట్టి లిస్టులో పేరు రాగానే ఉద్యోగానికి రాజీనామా చేయకండి, టికెట్ కొనకండి. యూనివర్సిటీకి వెంటనే రాసి, ప్రభుత్వ లెటర్ ఆలస్యమైతే జనవరి ఇన్‌టేక్‌కి జరపడం కుదురుతుందా అని అడిగి పెట్టుకోండి. పీహెచ్‌డీలో చాలాచోట్ల కుదురుతుంది.

బాండ్ అంటే భయమేస్తోంది. జామీనుకి ఎవరిని పెట్టాలి?

స్టాంపు పేపర్ మీద బాండు, నోటరీ, జామీనుదారుల సంతకాలు ఉంటాయి. మధ్యలో చదువు మానేసినా, షరతులు తప్పినా డబ్బు తిరిగి కట్టాలన్నది దాని సారాంశం. ఇది కొత్తేమీ కాదు, 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద కొలంబియాకి వెళ్లిన అంబేడ్కర్ కూడా తిరిగొచ్చి బరోడా సంస్థానంలో పదేళ్లు పనిచేస్తానని ఒప్పందం రాసే వెళ్లారు. అసలు కష్టం జామీనే. ఆస్తుల్లేని కుటుంబాల పిల్లలకి ఇది పెద్ద గోడ, బంధువుల ఇళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఎంపిక జాబితా వచ్చాక మొదలుపెడితే చివరి నిమిషంలో "మా ఆవిడ వద్దంటోంది" అన్న మాట వినాల్సి వస్తుంది కాబట్టి ముందే బాబాయ్‌తోనో, మేనమామతోనో, మీకు చదువు చెప్పిన మాస్టారితోనో కూర్చుని, బాండులో ఏముందో తెలుగులో చదివి వినిపించి ఒప్పించండి.

యూకే వీసాకి బ్యాంకులో డబ్బు చూపించాలా?

ప్రభుత్వం ఫీజు, జీవన ఖర్చులు పూర్తిగా భరిస్తున్నట్టు అధికారిక లెటర్ ఉంటే అదే ఆర్థిక ఆధారం, 28 రోజులు ఖాతాలో డబ్బు నిలిపి చూపించే పని ఉండదు. టీబీ పరీక్ష సర్టిఫికెట్ తప్పనిసరి. కొన్ని సైన్స్, ఇంజనీరింగ్ టాపిక్‌లకి ఏటాస్ అనే అనుమతి కూడా కావాలి, అది రావడానికి వారాలు పడుతుంది.

రాష్ట్ర విద్యానిధి వస్తే చేతి డబ్బు అవసరం లేదా?

అవసరమే. తెలంగాణ పథకంలో 20 లక్షలు రెండు విడతల్లో ఇస్తారు: అక్కడ దిగినట్టు ఆధారం చూపించాక సగం, మొదటి సెమిస్టర్ ఫలితం చూపించాక మిగతా సగం. అంటే మొదటి ఫీజు, టికెట్, అడ్వాన్సు అద్దె మీరే పెట్టుకోవాలి. పీహెచ్‌డీలో సెమిస్టర్ మార్కులు ఉండకపోవచ్చు కదా, దాని బదులు సూపర్‌వైజర్ లెటర్ ఒప్పుకుంటారా అని బయల్దేరక ముందే జిల్లా వెల్ఫేర్ ఆఫీసులో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

## అక్కడికి వెళ్లాక

ఎన్‌ఓఎస్ డబ్బుతో బతకగలమా?

ఊరిని బట్టి. యూకేకి భత్యం ఏడాదికి 9,900 పౌండ్లు, అంటే నెలకి 825. బ్రిటిష్ పరిశోధనా మండలి తన పీహెచ్‌డీ విద్యార్థులకి 2025-26లో ఇచ్చే కనీస స్టైపెండ్ 20,780 పౌండ్లు, మనది అందులో సగం కూడా కాదు. లండన్‌లో ఆ 825 గది అద్దెకే పోతుంది. షెఫీల్డ్, న్యూకాజిల్, గ్లాస్గో లాంటి చోట్ల ఇల్లు పంచుకుని, వండుకుని తింటే ఈదుకురావచ్చు. సమానమైన రెండు ఆఫర్లుంటే ఊరి అద్దెలు చూసి నిర్ణయించుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

డబ్బు టైమ్‌కి పడుతుందా?

ఎప్పుడూ పడుతుందని చెప్పలేను. భత్యం భారత రాయబార కార్యాలయం ద్వారా వస్తుంది, ఢిల్లీ నుంచి అక్కడికి, అక్కడి నుంచి మీకు. రెండు మూడు నెలల అద్దె, తిండి ఖర్చు చేతిలో ఉంచుకునే విమానం ఎక్కండి. దిగిన వారంలోనే రాయబార కార్యాలయంలో రిపోర్టు చేసి, బ్యాంకు వివరాలు ఇచ్చి, మీ ఫైలు చూసే అధికారి మెయిల్ తెలుసుకోండి. ఫీజు ఆలస్యమైతే యూనివర్సిటీ సిస్టమ్ మీ రిజిస్ట్రేషన్‌ని ఆపేయొచ్చు, కాబట్టి ఫీజు ఆఫీసుకి అవార్డు లెటర్ మొదటి రోజే ఇచ్చి "స్పాన్సర్ ప్రభుత్వం" అని నమోదు చేయించండి.

క్లాసులు చెప్పి కొంచెం సంపాదించుకోవచ్చా?

టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్ పనికి అనుమతి ఉంది, యూకేలో ఏడాదికి 1,560 పౌండ్ల వరకు. దాటితే ఆ మేరకు భత్యంలో కోత పడుతుంది. నగదుగా ఇచ్చే పనులకి వెళ్లకండి, వీసాకే ప్రమాదం.

నాలుగేళ్లలో పూర్తి కాకపోతే?

పీహెచ్‌డీకి ఎన్‌ఓఎస్ గరిష్ఠంగా నాలుగేళ్లే. మూడో ఏడాది సగానికి వచ్చేసరికి సూపర్‌వైజర్‌తో కూర్చుని మిగిలిన చాప్టర్లకి తేదీలు వేసుకోండి, ప్రయోగం నడవకపోయినా, ఫీల్డ్‌వర్క్ ఆలస్యమైనా అప్పుడే చెప్పండి. చివర్లో రాసుకోవడానికి కొన్ని నెలలకి యూనివర్సిటీలు చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తుంటాయి, కష్టాల్లో ఉన్నవాళ్లకి హార్డ్‌షిప్ ఫండ్ కూడా ఉంటుంది. మనవాళ్లు మొహమాటంతో అడగరు. డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్లి అడగండి, దానికోసం పెట్టిన డబ్బే అది.

చదువయ్యాక యూకేలో గ్రాడ్యుయేట్ వీసా తీసుకుని ఉండొచ్చా?

గత పన్నెండు నెలల్లో ప్రభుత్వం ఫీజూ ఖర్చులూ భరించి ఉంటే, ఆ వీసాకి ఆ ప్రభుత్వం రాతపూర్వక అనుమతి కావాలని బ్రిటన్ నిబంధన. ఇటువైపు మీరు సంతకం చేసిన బాండు కూడా ఉంటుంది. థీసిస్ సమర్పించకముందే మంత్రిత్వ శాఖకి మెయిల్ రాసి, వాళ్ల జవాబు వచ్చాకే అక్కడి ఉద్యోగం ఆఫర్ మీద సంతకం పెట్టండి.